చెవి కోసిన మేకలు

“ఈ మేక చెవి యా దేవుడు కోసినాడక్కా? నెత్తురు కూడా ఆరలేదే ఇంకా.”

“నోరు అదుపులో పెట్టుకో మే. అమ్మవారికి ఇడిసినా దాన్ని.”

“మొన్న సంతలో కొనుక్కొచ్చినావు. నిన్న ఇడిసినావు. ఈ పొద్దు గుట్ట మీద మేస్తాండాది. నడమ అమ్మవారికి యాడ చూపించినావు దాన్ని?”

“ఆమెకు చూపించేదేందే. ఆమెకు కండ్లు లేవా?”

“ఉండాయి. అందుకే అడుగుతాండా.”

గుట్ట కింద, ఆమె కొట్టం ముందర, పొద్దున పది గంటల ఎండలో నిలబడి మేమిద్దరం ఇలా మాట్లాడుకున్నాం. ఆమె నా తోటికోడలు, మా ఆయన తమ్ముడి పెళ్ళాం. తమ్ముడు పోయి అప్పటికి ఆరేళ్ళు. గుట్టకు కావలి ఆమే. ఆమె చేతిలో కావలి కట్టె ఉంది, నా చేతిలో ఏమీ లేదు. నా మేక మాత్రం మా ఇద్దరికీ పైన ఒక గుండు మీద నిలబడి, కోసిన చెవిని విదిలించుకుంటూ ఉంది. ఈ తగువు ఎందుకు వచ్చిందో చెప్పాలంటే గుట్ట సంగతి ముందు చెప్పాలి.

మా ఊరికి పడమటి పక్క ఉన్న ఆ గుట్టలో మట్టి తక్కువ, గుండ్లు ఎక్కువ. ఒక్కొక్కటి ఇల్లంత ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గుండ్ల మధ్యంతా బోద ఉండేది. బోద అంటే కొట్టాలు కప్పుకునే గడ్డి. నడుము దాకా పెరుగుతుంది. మూడు నాలుగేళ్ళకొకసారి పాత బోద దించి కొత్తది ఎక్కించుకునేవాళ్ళం. దాన్ని సరిగా పేరిస్తే ఎంత వానైనా చుక్క లోపలికి రాదు.

ఆ తర్వాత వానలు తగ్గాయి. ఎద్దులను మేపలేక అమ్ముకున్నవాళ్ళు మేకలు పట్టారు. ఎద్దుకు మనం మేత వేయాలి, మేక తన మేత తానే వెతుక్కుంటుంది. ఖర్చు లేని సొమ్ము అనుకున్నాను నేను. ఊర్లో అందరూ అదే అనుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి గుట్ట గీకిన కొబ్బరి చిప్ప లాగా అయింది. మిగిలినవి మేక మూతి పెట్టనివే: సీతాఫలం, తంగేడు, అక్కడక్కడ కలబంద.

మేత లేకపోతే మేకలు తగ్గిపోతాయి కదా అని ఎవరైనా అనుకుంటారు. తగ్గలేదు. బక్కచిక్కాయి. ఈనడం తగ్గించాయి. వాటి వెన్నుపూసలు వేలితో లెక్కపెట్టేటట్టు అయ్యాయి. కానీ చావలేదు. వాన పడిన మూడో నాడు గుండు పక్కన మొలక కనబడితే పొద్దు వాలేలోగా దాన్ని కొరికేసేవి. బోద లేతగా ఉన్నప్పుడే మేక తింటుంది. ముదిరితే అంత ఇష్టపడదు. ముదిరే దాకా దాన్ని ఎవరూ బతకనివ్వలేదు, అంతే.

తొంభైల చివర్లో వాటర్‌షెడ్డు పథకం వచ్చింది. దాని తరఫున ఒక సారు వచ్చేవాడు. సముద్రం పక్క మనిషి. మాట నెమ్మది, ప్రతి మాటకూ అండీ అనేవాడు. వాగులకు అడ్డంగా కట్టలు వేయాలి, చేలలో గట్లు వేయాలి, గుట్టను మూసేయాలి అన్నాడు. మూసేయడానికి అదేమన్నా కుండనా అని వెనక నుంచి ఎవరో అడిగారు. బడి వరండాలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. సారు కూడా నవ్వాడు. నవ్విన తర్వాత లేచి నల్లబల్ల మీద ఒక గుండ్రటి కాయ గీసి దాని చుట్టూ ముండ్లు గీశాడు. నాకది ఉమ్మెత్తకాయ లాగా కనిపించింది.

కాయ కాదంట, జీవమంట. ఆయన పేరేదో చెప్పాడు, నాకు గుర్తు లేదు. మేం ఆ తర్వాత ఉమ్మెత్తకాయ పురుగు అనే చెప్పుకున్నాం. వాళ్ళ ఊరి దగ్గర సముద్రం వెనక్కి పోయినప్పుడు రాళ్ళు బయటపడతాయంట. ఆ రాళ్ళ మీద నాచు వెంట్రుకల లాగా ఉంటుందంట. ఈ పురుగులు మందంగా ఉన్న చోట మాత్రం రాయి కడిగి పెట్టినట్టు ఉంటుందంట. నోరు కింది పక్క ఉంటుంది, అందులో ఐదు పళ్ళు. రాయిని గీక్కుంటూ నడుస్తుంది. ఇది తన కండ్లతో చూసిందని చెప్పాడు.

చదివి తెలుసుకున్నది ఇంకొంత చెప్పాడు. వేరే దేశాల్లో సముద్రం అడుగున నాచు చెట్లంత ఎత్తు పెరుగుతుందంట. ఈ పురుగులను తినే పెద్ద చేపలను మనుషులు పట్టుకుపోయారు. పురుగులు పెరిగాయి. అడవంతా తిన్నాయి. రాళ్ళు మిగిలాయి. మరి తిండి లేక అవి చావాలి కదా అంటే చావవంట, లోపల ఎండిపోయి అలాగే రాయిని కరుచుకుని కూర్చుంటాయంట. ఏదైనా మొలిస్తే గీకేస్తాయి. మనుషులు మునిగి వాటిని ఏరేసిన చోట నాచు మళ్ళీ వచ్చింది. సగం ఏరి సగం వదిలేసిన చోట రాలేదు.

అప్పుడు ఆయన సుద్దముక్క కింద పెట్టి ఒక మాట అన్నాడు. “అడవిని తినేయడానికి పెద్ద మంద కావాలండి. తినేశాక మళ్ళీ మొలవకుండా ఆపడానికి నాలుగు చాలు. ఇది గుర్తుపెట్టుకోండి.”

ఊరి పెద్దాయన అంతా విని మీసం సవరించుకున్నాడు. “అవి తినేటివేనా సారూ?”

“కొన్ని దేశాల్లో తింటారండి.”

“అట్లయితే మా మేకలే మేలు. ముండ్లు ఉండవు.”

మళ్ళీ నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. మన తోడేళ్ళను మనమే కొట్టి చంపినాం కదా, ఆ చేపల మాదిరే, అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఆయన పక్కన కూర్చున్నాను కాబట్టి నాకు వినబడింది. నేను సముద్రం చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. కానీ తిండి లేకపోయినా చావకుండా రాయిని కరుచుకుని కూర్చునే జీవం ఎలా ఉంటుందో నాకు తెలుసనిపించింది. అవి మా ఇంటి ముందర ఏడు ఉన్నాయి.

ఒప్పందం ఆ రోజే అయింది. మూడేళ్ళు గుట్ట మీదికి మేక గానీ గొర్రె గానీ ఎక్కకూడదు. బీడు చేలల్లో మేపుకోవాలి, లేదా కట్టేసి మేపుకోవాలి. మాట తప్పినవాళ్ళు ఒక రోజు కూలి లేకుండా కట్ట పనికి రావాలి. కావలి ఎవరు అన్నప్పుడు నా తోటికోడలు నేనుంటా అంది. ఆమె కొట్టం గుట్టను ఆనుకునే ఉంది. ఏమిస్తే ఉంటావని పెద్దాయన అడిగాడు. గుట్ట మీద మొదట కోసే బోద తనది కావాలంది. ఇంకేమీ అడగలేదు.

ఎందుకు అడిగిందో అందరికీ తెలుసు. ఆమె కొట్టం మీద బోద మార్చి పదేళ్ళు దాటింది. వాసాలు బయటికి వచ్చాయి. ఎరువు సంచులు విప్పి కుట్టిన పట్ట ఒకటి మీద పరిచి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టింది. వాన వస్తే ఆమె రాగుల కుండ ఒళ్ళో పెట్టుకుని ఒక మూల కూర్చునేది. మా ఇంటికి రమ్మని నేను ఒకసారి పిలిచాను. రాలేదు. మళ్ళీ పిలవలేదు నేను.

అంతా అయిపోయి లేచే ముందు పెద్దాయన ఇంకో మాట కలిపాడు. అమ్మవారి మేకలు ఈ లెక్కలోకి రావు, వాటికి అడ్డం చెప్పే మొనగాడు ఊర్లో లేడు అన్నాడు. ఎన్ని ఉన్నాయని సారు అడిగాడు. రెండే అన్నారు. సారు ఏదో రాసుకుని సరే అన్నాడు. మేం కూడా సరే అన్నాం. ఆ సరే దగ్గరే మేం దెబ్బ తిన్నాం.

మా వైపు ఊరమ్మవారికి చేసే జాతరను దేవర అంటారు. కష్టం వచ్చినప్పుడు దేవరకు మేకపోతును ఇస్తానని మొక్కుకుంటారు. మొక్కుకున్నాక దాని చెవి కొస కోసి, పసుపు పెట్టి విడిచిపెడతారు. ఆ రోజు నుంచి అది ఎవరిదీ కాదు. ఎవరి చేలో పడినా కొట్టకూడదు, తరమకూడదు, అమ్మకూడదు. దేవర నాడు అమ్మవారి ముందు నరుకుతారు. అయితే దేవర ప్రతి ఏడూ చేయరు. వాన పడి, పంట పండి, ఊరంతటికీ చేతిలో ఇంత ఉన్నప్పుడే చేస్తారు. కరువులో దేవర ఉండదు. కరువులో మొక్కులు మాత్రం ఉంటాయి.

గుట్ట మూసిన మొదటి ఏడు ఎండాకాలంలో చెవి కోసిన మేక ఇంకొకటి గుట్ట మీద కనబడింది. తర్వాత నెలలో ఇంకొకటి. మొదట చేసింది ఎవరో నాకు తెలియదు. నేను కాదు. నేను మూడోదాన్నో నాలుగోదాన్నో. మిగిలినవాళ్ళు కనీసం పోతులను విడిచారు. నేను ఆడమేకలను విడిచాను. పోతును విడిస్తే దేవర దాకా మనకేమీ రాదు. ఆడమేకను విడిస్తే అది గుట్ట మీద మేసి మా ఇంటి ముందరే ఈనుతుంది. పాలు, పిల్లలు మనకే. నేను చదివింది మూడో తరగతి దాకా, ఈ లెక్కకు అది చాలింది.

పూజారిని పిలిస్తే ఆయనకు కొబ్బరికాయ, బియ్యం ఇవ్వాలి. కాబట్టి చెవి కోసే పని మా ఆయనకు చెప్పాను. ఆయన కత్తి నూరుతూ నా వైపు చూశాడు. “ముందు నా చెవి కోసి ఇడిసిపెట్టు. నేను కూడా తిరుగుతా.”

“నిన్ను ఇడిసినా నువ్వు మేసుకుని రాలేవు” అన్నాను.

ఆ ఏడు ఒకటి, తర్వాతి ఏడు రెండు విడిచాను. మిగిలిన నాలుగింటిని అమ్మేశాను. ఊర్లో చాలామంది ఇలాగే చేశారు. రెండో ఏడు వచ్చేసరికి గుట్ట మీద అమ్మవారి మేకలను లెక్కపెట్టాలంటే రెండు చేతుల వేళ్ళూ చాలలేదు. నా తోటికోడలు కావలి కట్టె పట్టుకుని వాటి మధ్య తిరుగుతూ ఉండేది. వాటిని తరమడానికి లేదు. మామూలు మేక ఒకటీ గుట్ట ఎక్కకుండా ఆమె గట్టిగానే కాపలా కాసింది. గొర్రెల కాపరులతో కొట్లాడింది. ఒకసారి మా చుట్టాల మేకలనే పట్టుకొచ్చి బడి ముందర నిలబెట్టింది. చెవి కోసిన వాటిని మాత్రం చూస్తూ ఊరుకుంది.

బోద రాలేదు. రెండు వానాకాలాలు పోయాయి, అవీ అంతంత మాత్రం వానలే. సారు వచ్చి గుట్ట ఎక్కి దిగాడు. మూసేసినా ఎందుకు రావడం లేదండీ అని అడిగాడు. ఆయన వెనక ఒక గుండు నీడలో ఆరేడు చెవి కోసిన మేకలు పడుకుని నెమరు వేస్తూ ఆయన్నే చూస్తున్నాయి. ఆయన వాటిని చూశాడు గానీ చెవులు చూడలేదు. రెండే అని రాసుకున్నాడు కదా.

సారు పోయిన తర్వాత ఊర్లో మాట మొదలైంది. సముద్రంలో నడిచేది గుట్ట మీద నడవదు, ఊరికే మూసి పెట్టుకున్నాం, వచ్చే అమావాస్యకు కూర్చుని తెరిచేద్దాం అన్నారు. తెరిస్తే ఇక ఎవరూ మూయరు. నా తోటికోడలి కప్పు సంగతి అక్కడితో అయిపోతుంది. అది నాకు తెలుసు. తెలిసే నాలుగో మేకను కొన్నాను. గుట్ట తెరిచే లోపల దీన్ని కూడా విడిచేస్తే తెరిచాక అందరికంటే ముందు నాది బలిసి ఉంటుందని నా ఆలోచన.

ఆ నాలుగో మేక దగ్గరే మా తగువు వచ్చింది. కండ్లు లేవా అని నేను, ఉన్నాయని ఆమె అన్నంత వరకు చెప్పాను. నీళ్ళకు పోతున్న నలుగురు ఆడవాళ్ళు అప్పటికే బిందెలు దించి నిలబడ్డారు. ఆమె గొంతు పెంచలేదు. ఆమె ఎప్పుడూ పెంచదు. అదే నాకు కోపం.

“సరేలే అక్కా. ఇది అమ్మవారిదే అనుకుందాం. నిరుడు ఇడిసిన నల్లమేక రెండు పిల్లల్ని ఈనింది గదా. అవి ఎవురివి?”

“నావి.”

“తల్లి అమ్మవారిదైతే పిల్లలు నీవెట్లయినాయక్కా?”

బిందెల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. జవాబు లేనప్పుడు మనిషి వేరే చోట కొడుతుంది. నేనూ కొట్టాను.

“నీ కొట్టం కప్పుకోవాలని ఊరి మేకలన్నీ పస్తుండాల్నా? వానొస్తే తడిసేది నువ్వొక్కదానివే గదే.”

ఆమె కట్టెను గోడకు ఆనించింది. “తడిసేది నేనొక్కదాన్నే. నిజమే” అంది. అని లోపలికి పోయింది. ఆ కొట్టానికి తలుపు లేదు, తడిక ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకున్నారు. నా వైపు ఎవరూ చూడలేదు.

సాయంత్రం మూడు మేకలు ఇల్లు చేరాయి, కొత్తది చేరలేదు. తావు తెలియని మేక, దారి తప్పి ఉంటుందని నేనే గుట్ట ఎక్కాను. రెండేళ్ళలో నేను గుట్ట ఎక్కింది అదే మొదటిసారి. మేకలు వాటంతట అవే పోయి వస్తుంటే నాకు అక్కడ పనేముంటుంది.

పైన రెండు పెద్ద గుండ్లు ఒకదానికొకటి ఒరిగిన చోట మేక అరుపు వినబడింది. చూస్తే దాని తల గుండ్ల సందులో ఇరుక్కుని ఉంది. కొమ్ములు లోపలికి పోయాయి, వెనక్కి రావడం లేదు. వెనక కాళ్ళతో నేలను గీరుకుంటూ ఉంది. నేను వంగి, చేయి లోపలికి పెట్టి, దాని మూతి కిందికి తిప్పి కొమ్ములు తప్పించాను. అది బయటికి వచ్చింది. నోట్లో నాలుగు గడ్డిపోచలు ఉన్నాయి.

సందులోకి చూశాను. మేక మూతి అందనంత లోపల, గుండు మీద నుంచి నీళ్ళు కారే చోట, బోద ఉంది. ఒక కుదురు కాదు, నాలుగైదు. నా నడుమంత ఎత్తు. ముదిరి, కంకి వేసి, రంగు మారి ఉంది. నేను ఒక పోచ తెంపి నలిపి వాసన చూశాను. కాపురానికి వచ్చిన కొత్తలో కట్టలు మోసేటప్పుడు చీరకు పట్టిన వాసన అదే.

అప్పుడు కింద చూశాను, ముందు చూడవలసింది. గుండు మొదట్లో, రాళ్ళ మధ్య, ఇసుకలో, ఎక్కడ చూసినా బోద మొలకలు ఉన్నాయి. గోరంత, గోరంత. ప్రతి మొలకా కొస కొరికి ఉంది. కొన్ని కొరికిన చోటే మళ్ళీ చిగురు వేశాయి, ఆ చిగురు కూడా కొరికి ఉంది. గుట్టలో విత్తనం లేక కాదు. ఆ నాలుగైదు కుదుర్లు ఏటా విత్తనం రాలుస్తూనే ఉన్నాయి. అది మొలుస్తూనే ఉంది. నా మేకలు దాన్ని తింటూనే ఉన్నాయి.

మా ఇంట్లో అటక మీద వేరుశనగ విత్తనం కాయలు ఉండేవి. వేపాకు వేసి మూతి కుట్టిన సంచుల్లో. పంట పోయి, ఇంట్లో రెండు పూటల తిండి ఒక పూటకు వచ్చిన ఏడు కూడా ఆ సంచుల మీద ఎవరినీ చేయి వేయనివ్వలేదు నేను. నా సొంత కొడుకు నాలుగు కాయలు వేయించుకుంటానంటే అట్లకాడ తీసుకున్నాను. అలాంటిదాన్ని, రెండేళ్ళుగా ఈ గుట్ట విత్తనాన్ని మేకలకు పెడుతున్నాను. అది నాకు తప్పుగా కంటే కూడా వృథాగా కనిపించింది. వృథా నేను ఓర్చుకోలేను.

అక్కడి నుంచి కిందికి చూస్తే నా తోటికోడలి కొట్టం నేరుగా కనబడుతుంది. సంచుల పట్ట ఒక పక్క చినిగింది. ఆమె నిచ్చెన వేసుకుని పైకెక్కి రాళ్ళు సర్దుతూ ఉంది. నేను మేకను చెవి పట్టుకుని, కోయని చెవి, ఆమె కొట్టం ముందు నుంచే దిగాను. ఆమె చూసింది. నేనూ చూశాను.

ఇంటికి వచ్చి మా ఆయనతో తెల్లవారే లోపల నాలుగు గూటాలు చెక్కమన్నాను. ఎందుకన్నాడు. మేకలను కట్టేయడానికి అన్నాను.

“అమ్మవారి మేకల్ని కట్టేస్తారా యాడన్నా?”

“అమ్మవారు మేకను అడిగింది. గుట్టను అడగలేదు” అన్నాను.

ఆ తర్వాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. నన్ను చూసి వారం లోపల ఇంకో ఇద్దరు కట్టేశారు. మిగిలినవాళ్ళు అమ్మవారు నన్ను ఏం చేస్తుందో చూద్దామని కొన్నాళ్ళు కాచుకున్నారు. ఏమీ చేయలేదు కాబట్టి వాళ్ళూ కట్టేశారు. అమావాస్యకు కూర్చున్నప్పుడు గుట్టను తెరవలేదు, ఇంకో మూడేళ్ళకు పొడిగించారు. ఆ ఏడు వాన పెద్దగా లేదు. అయినా గోరంత మొలకలు జానెడయ్యాయి. మరుసటి ఏడు మోకాలి దాకా వచ్చి ముదిరాయి. అక్కడక్కడ రేగు, బలుసు లేచాయి. కౌజుపిట్టలు వచ్చాయి, గుడ్ల కోసం పాములూ వచ్చాయి. గుట్ట అంతా ఒకేలా రాలేదు. తూర్పు వాలు ఇప్పటికీ బోడిగానే ఉంది. అక్కడి మట్టి ఎప్పుడో కొట్టుకుపోయింది, విత్తనం పడినా పట్టుకోవడానికి ఏమీ లేదు. సారు ఆ తర్వాత బదిలీ అయి పోయాడు. పచ్చబడిన గుట్టను ఆయన చూడలేదు.

కోతకు వచ్చిన మొదటి బోద నలభై మోపులు. మాట ప్రకారం అన్నీ నా తోటికోడలివే. కప్పేటప్పుడు ఆమె కొట్టం మీదికి కట్టలు అందించినవాళ్ళలో నేను ఒకదాన్ని. ఇంకో ఏడాదికి వాన పడి పంట పండింది, దేవర చేశారు. ఊరి చెవి కోసిన మేకలన్నీ ఆ రోజు అమ్మవారికి పోయాయి. నా గూటాలు కూడా ఖాళీ అయ్యాయి. ఇప్పుడు గుట్టను చూసేవాళ్ళకు ఇదంతా చెబితే నమ్మరు, గుట్ట ఎప్పుడూ ఇలాగే ఉంది కదా అంటారు.

తగువు జరిగిన మరుసటి పొద్దున మాత్రం జరిగింది ఇది.

చీకటి విడవక ముందే మా ఆయన గూటాలు కొట్టాడు. నాలుగు మేకలను నాలుగింటికి కట్టేశాను. మేతకు వేరుశనగ కట్టె వేశాను, రాతి తొట్టిలో నీళ్ళు పోశాను. కట్టు తెలియని మేకలు కదా, ఒకటే అరుపు. ఆ అరుపుకు పక్కిండ్లవాళ్ళు లేచి వచ్చారు. అమ్మవారి సొత్తును కట్టేస్తే మధ్యాహ్నానికి నోట్లో నురగ వస్తుందని ఒకామె అంది. మేకకా నాకా అని అడిగాను. పెద్దాయన కూడా వచ్చి చూసి పోయాడు.

తర్వాత నేను లోపలికి పోయి కత్తి తెచ్చాను. నల్లమేక పిల్లలు రెండూ తల్లి పొదుగు దగ్గర ఉన్నాయి. ఒకదాన్ని మా ఆయన పట్టుకున్నాడు. నేను దాని చెవి కొస కోసి పసుపు పెట్టాను. రెండోదాన్ని కూడా అలాగే చేశాను. రెండింటికీ కలిపి ఐదో గూటం కొట్టమన్నాను.

నా తోటికోడలు గుట్టకు పోయే దారి మా ఇంటి ముందు నుంచి కాదు. ఆ పొద్దు మా ఇంటి ముందు నుంచే వచ్చింది. చేతిలో కట్టె ఉంది. గూటాలు చూసింది, నాలుగు మేకలను చూసింది, పిల్లల చెవులు చూసింది.

“పసుపు ఇంకొంచెం పెట్టక్కా. ఈగలు వాల్తాండాయి” అంది.

నేను లోపలికి పోయి పసుపు తెచ్చి పెట్టాను. తిరిగి చూసేసరికి ఆమె గుట్ట ఎక్కుతూ ఉంది.